నీళ్ళ కింది మెట్లు

మావయ్య పోయారన్న మాట నాకు ఫోన్‌లో అత్తయ్యే చెప్పింది. అప్పుడు రాజమండ్రిలో మా కాలేజీ క్యాంటీన్‌లో ఉన్నాను. అత్తయ్య ఏడవలేదు. "పొద్దున్న కాఫీ తాగుతా, కాలువకి నీళ్ళు ఎప్పుడు కట్టేస్తారో పేపర్లో వేశాడేమో చూడవే అన్నారమ్మా. లోపలికెళ్ళి పేపరు తెచ్చేసరికి కుర్చీలో అలాగే ఉన్నారు. నువ్వు వచ్చెయ్," అంది. మళ్ళీ తనే, "ఇంకా కట్టెయ్యలేదంట," అంది.

ఆ మధ్యాహ్నం పాసింజరులో నిడదవోలు వెళ్ళాను. ఊరు దగ్గరపడ్డాక రైలు కింద కాలువ కనిపించింది. నీళ్ళు తగ్గాయి కానీ పారుతూనే ఉన్నాయి. గుర్రపుడెక్క తేలుతూ పోతోంది. ఆ నీళ్ళ మీద నాకు కోపం వచ్చింది. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఇంటి ముందు జనం ఉన్నారు. చుట్టాల కంటే పనివాళ్ళే ఎక్కువ. ఎన్నో ఏళ్ళుగా మావయ్య దగ్గర పని చేసిన మేస్త్రి ముందుకొచ్చి, తలపాగా విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మావయ్య ముఖంలోకి చూస్తూ, "మన మధ్య ఏం లేదండి," అన్నాడు. గొంతు సవరించుకుని మళ్ళీ, "టీ కూడా లేదండి," అన్నాడు. అక్కడున్న కూలీలందరూ ఒక్కసారిగా ఏడ్చారు. కొత్తగా వచ్చిన చుట్టాలకి అర్థం కాలేదు.

మావయ్య మా అమ్మకి అన్నయ్య. చిన్న కాంట్రాక్టరు. చిన్న అనే మాట ఆయనదే. "పెద్ద బ్రిడ్జీలు పెద్దోళ్ళు కడతారు. ఆ బ్రిడ్జి దాకా నడవడానికి దారి మాలాంటోళ్ళం వేస్తాం," అనేవారు. బడికి ప్రహరీ, కాలువ మీద తూము, ఊరి రేవుకి మెట్లు, అలాంటివే ఆయన పనులు. వాళ్ళకి పిల్లల్లేరు. ఇంటర్మీడియట్ రెండేళ్ళూ నేను వాళ్ళింట్లోనే ఉండి చదువుకున్నాను.

పని ఆఖరి రోజున ఆయనకొక పద్ధతి ఉండేది. సైటు దగ్గరే పరదా కట్టించి అందరికీ భోజనం పెట్టేవారు. అత్తయ్య వండిన పప్పుచారు, వంకాయ కూర, మావిడికాయ పచ్చడి. వడ్డన మాత్రం మావయ్యదే. తిన్నాక ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి, రావలసింది చేతిలో పెట్టి, "ఇంకేమైనా ఉందా మన మధ్య?" అని అడిగేవారు. "ఏం లేదండి," అని ఆ మనిషి నోటితో అనాలి. తలూపితే ఒప్పుకునేవారు కాదు. తన బిల్లు ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో, ఆ లెక్క వాళ్ళకి అనవసరం.

డబ్బు గురించే కాదు ఆ ప్రశ్న. ఒకసారి ఇసక మోసే ఆవిడ, "ఆ రోజు అందరి ముందూ నన్ను కసిరారండి," అంది. మావయ్య, "కసిరాను. నాదే తప్పమ్మా," అన్నారు. "అయితే ఏం లేదండి," అని ఆవిడ చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది. నేను చూస్తుండగానే జరిగింది ఇది. క్షమించమని అడగడానికి ఇంతకంటే తక్కువ మాటలు వాడిన మనిషిని నేను చూడలేదు.

మేస్త్రి సంగతి వేరు. అతను ఎప్పుడూ చివర్న వచ్చేవాడు.

"ఇంకేమైనా ఉందా మన మధ్య?"

"ఒకటుందండి."

"ఏంటయ్యా?"

"మొన్న వానొచ్చిన రోజు టీ ఇప్పిస్తానన్నారండి. ఇప్పించలేదండి."

"సరే, వచ్చే పనిలో ఇప్పిస్తాలే."

"ఆయ్, అలాగేనండి."

వచ్చే పనిలో టీలు ఎన్ని తాగినా ఆ ఒక్క టీ మాత్రం ఎప్పుడూ బాకీయే. అది ఉన్నంతకాలం మళ్ళీ కలిసి పని చెయ్యాలన్నమాట. ఆ రోజు శవం దగ్గర అతను తెంచేసుకుంది దాన్నే.

ఇప్పుడు రేవు సంగతి చెప్పాలి.

కాలువ పనులు మా వైపు వేసవిలోనే చెయ్యాలి. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక లాకులు దించి కాలువలు కట్టేస్తారు. మళ్ళీ సార్వాకి, అంటే తొలకరి పంటకి, నీళ్ళు వదిలేలోపు పునాది తియ్యడం, కట్టడం, కొలవడం అన్నీ అయిపోవాలి. రెండేళ్ళ కిందట వేసవిలో మావయ్య నిడదవోలుకి దగ్గర్లో ఒక ఊరి రేవుకి మెట్లు కట్టారు. సగం మెట్లు ఏడాది పొడవునా పైకి కనిపిస్తాయి. మిగతా సగం కాలువలో నీళ్ళుంటే మునిగిపోతాయి.

పని సకాలంలోనే అయింది. అప్పటి ఇరిగేషన్ ఇంజనీరు, ఏఈ గారు, కింది మెట్లు కొలిచి రాసుకున్నారు. ఆయన పై అధికారి డీఈ గారు వచ్చి సరిచూస్తేనే ఆ కొలత చెల్లుతుంది. ఆయన రావలసిన రోజుకి ముందే నీళ్ళు వదిలేశారు. తర్వాత ఏఈ గారికి బదిలీ అయింది. ఆయన స్థానంలో వచ్చిన ఏఈ గారు కుర్రాడు. "కనిపించేవి కొలుస్తానండి. కిందివి నేను చూడలేదు, మా డీఈ గారూ చూడలేదు. చూడని దానికి సంతకం ఎలా పెట్టమంటారు?" అన్నారట. ఫైనల్ బిల్లు అక్కడ ఆగిపోయింది.

మావయ్య ఇంటికొచ్చి ఈ మాట చెబుతుంటే నాకు ఒళ్ళు మండింది. మావయ్య మాత్రం, "అతను చెప్పింది నిజమే కదే. అతని స్థానంలో నేనున్నా పెట్టను," అన్నారు.

"మరి ఫొటోలు తీశారు కదా మావయ్యా?"

"ఫొటోలో మెట్టు కనిపిస్తుంది. దాని కింద కాంక్రీటు ఎంత లావుందో కనిపించదు. కాలువ కట్టేశాక చూపిస్తాం. అర్జీ రాయి."

అర్జీలు రాసే పని అలా నాకు వచ్చింది. అప్పుడే మా తెలుగు మేడం పుణ్యమా అని నాకు మాటల పిచ్చి పట్టుకుంది. కొత్త మాట దొరికితే ఎక్కడో ఒకచోట వాడెయ్యాలి. మొదటి అర్జీ రాత్రంతా తలలో తిప్పుకుని, పొద్దున్నే కూర్చుని రాసి, ఆయనకి చదివి వినిపించాను. 'అశ్రుపూరిత నయనాలతో' అన్న చోట మావయ్య చెయ్యి ఎత్తారు.

"ఎవరివే ఈ నయనాలు?"

"మీవే."

"నా కళ్ళకి శుక్లాలున్నాయి గానీ అశ్రువులు లేవు. తీసెయ్. తర్వాత?"

"'జలగర్భమున నిక్షిప్తమైన సోపానములు...'"

"సోపానాలంటే?"

"మెట్లే మావయ్యా."

"మెట్లకొక రేటు, సోపానాలకొక రేటు ఇస్తారేంటి?"

వంటింట్లోంచి అత్తయ్య నవ్వు వినిపించింది. నా ముఖం ఎర్రబడిందేమో, మావయ్య కుర్చీ దగ్గరికి లాక్కుని మెల్లగా అన్నారు: "అక్కడ కూర్చుని చదివేవాడు కూడా మనలాగే పని చేసుకునే మనిషమ్మా. కన్నీళ్ళిస్తే ఎక్కడ పెట్టుకుంటాడు? ఏ మెట్లు కొలిచారు, ఏవి కొలవలేదు, ఎందుకు కొలవలేదు. వరసలో చెప్పు. బతిమాలకు, తిట్టకు. అతని పని తేలిక చెయ్యి."

మళ్ళీ రాశాను. పేజీన్నర అర్జీ అరపేజీ అయింది. చదువుకుంటే నాకే ఆశ్చర్యం వేసింది. నీళ్ళు, మెట్లు, వాటి మధ్య ఆగిపోయిన మనిషి, అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. మాటలంటే నాకిష్టం పెంచింది మా మేడం. ఏ మాట అక్కర్లేదో చూపించింది మావయ్య. ఇప్పుడు డిగ్రీలో తెలుగు తీసుకుని చదువుతున్నాను. వ్యాసం రాసిన ప్రతిసారీ, ఆయన చెయ్యి ఎక్కడ ఎత్తుతారా అని చూసుకుంటాను.

ప్రతి సోమవారం ఆయన ఆ అర్జీ నకలు పట్టుకుని ఆఫీసుకి వెళ్ళేవారు. ఇస్త్రీ చొక్కా, కాలరు కింద మడతపెట్టిన చేతిరుమాలు, నీళ్ళ సీసా. బెంచీ మీద కూర్చునేవారు. ఎవరి మీదా అరిచేవారు కాదు. అటెండరు ఆయన్ని చూడగానే ఆ బెంచీ మీద ఫ్యాను వేసేవాడట. "ఈ ఆఫీసులో నాకు వెంటనే మంజూరయ్యేది ఆ గాలొక్కటే," అని నవ్వేవారు మావయ్య.

మార్చి దగ్గరపడుతుండగా ఏఈ గారు ఒక దారి చెప్పారు. కనిపించే మెట్లతోనే ఫైనల్ చేసేద్దాం, నెల తిరక్కుండా బిల్లు పాస్ చేయించే పూచీ నాది, కిందివి కట్టలేదని ఒప్పుకుని సంతకం పెట్టెయ్యండి అన్నారట. ఆయన ఇది మంచికే చెప్పారు. చాలామంది అలాగే చేస్తారు. ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర అత్తయ్యకీ మావయ్యకీ పెద్ద గొడవే అయింది.

"నీళ్ళ కింద ఏముందో ఎవరు చూడొచ్చారండీ? సంతకం పెట్టేసి ఆ వచ్చేది తెచ్చుకోండి. సిమెంటు కొట్టాయన రోజు మార్చి రోజు గుమ్మంలోకి వస్తున్నాడు. నాకు ముఖం చెల్లట్లేదు."

"డబ్బు వదులుకోమంటే వదులుకుంటానే. కట్టలేదని రాయమంటున్నారు."

"రాస్తే ఏమవుద్ది?"

"రేపెప్పుడో కింది మెట్టు కుంగుద్ది. బాగుచెయ్యమని ఆ ఊరోళ్ళు అడుగుతారు. కొలతల పుస్తకం తీసి చూస్తారు. ఇక్కడ మెట్టే లేదు, బాగుచేసేదేంటి అంటారు."

"ఆ ఊరోళ్ళేమైనా మీకు ఓట్లేస్తారా?"

"వెయ్యరు. మజ్జిగ వెయ్యి."

అత్తయ్య విసురుగానే మజ్జిగ పోసింది కానీ, ఆ పక్కన ఊరగాయ కూడా పెట్టింది.

మర్నాడు మావయ్య నాకు చెప్పారు. మెట్లు కడుతున్నప్పుడు ఆ ఊరి ముసలావిడ ఒకరు రోజూ వచ్చి గట్టు మీద కూర్చునేదట. ఒక రోజు, "పైవి ఎలా కట్టినా పర్లేదు బాబూ, కిందివి గట్టిగా కట్టు. ఊరికో వంతని నీళ్ళు తగ్గించేస్తే మేం నిలబడేది దాని మీదే. ఇదివరకు బురదలో జారి నడుం విరగ్గొట్టుకున్నాను," అందట. అప్పుడే కింది మెట్లు తడిగా ఉండగానే వాటి మీద అడ్డంగా గాట్లు పెట్టించారు మావయ్య. కాళ్ళు జారకుండా. అది ఎస్టిమేట్‌లో లేదు.

ఆయన సంతకం పెట్టలేదు. దానికి ఖరీదు చెల్లించింది వాళ్ళిద్దరూ. ఫైనల్ బిల్లు, డిపాజిట్ ఇరుక్కుపోతే చిన్న కాంట్రాక్టరు ఇంకో పని పట్టుకోలేడు. సిమెంటు బాకీ తీర్చడానికి కాంక్రీటు కలిపే మిల్లరు అమ్మేశారు. మండపేట నుంచి కొనుక్కునేవాళ్ళు వస్తారన్న రోజు పొద్దున్నే దాన్ని పైపుతో కడిగి, గ్రీజు పెట్టి, గుడ్డతో తుడిచారు. పెళ్ళికూతుర్ని పంపుతున్నట్టుందని అత్తయ్య దెప్పింది. లారీ ఎక్కించాక మావయ్య ఆ కుర్రాళ్ళతో, "చలికాలం ఒకపట్టాన స్టార్టవదు. తిట్టకండి. రెండోసారికి అందుకుంటుంది," అని చెప్పారు. మర్నాటి నుంచి వేరే కాంట్రాక్టరు సైట్లో సూపర్‌వైజరుగా చేరారు. మిల్లరు ఉండే జాగాలో అత్తయ్య బంతినారు పోసింది.

పోయిన వేసవిలో కాలువ కట్టేశారు. కానీ ఏఈ గారిని ఎన్నికల పనికి వేశారు. ఆయన తిరిగొచ్చి, డీఈ గారికి తీరిక దొరికేసరికి నీళ్ళు వదిలేశారు. నాకు ఏడుపొచ్చింది. మావయ్య మాత్రం ఆ మధ్యలో ఒక్కరూ రేవుకి వెళ్ళి, చేతులకి బురదతో తిరిగొచ్చారు. "ఒక్క బీట లేదే!" అన్నారు అత్తయ్యతో, పరీక్ష పాసైన పిల్లాడిలా. బిల్లు సంగతి ఆ పూట ఎత్తలేదు.

అందుకే ఈ ఏడు కాలువ ఎప్పుడు కట్టేస్తారా అని అంతగా ఎదురుచూశారు.

పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకి ఏఈ గారే అత్తయ్యకి ఫోన్ చేశారు. "ఆయనుండగా చెయ్యలేకపోయానండి. లాకులు దించారు. సోమవారం డీఈ గారిని తీసుకొస్తాను. మీ వైపు నుంచి ఎవరైనా ఉంటే మంచిది," అన్నారు. ఇంట్లో ఒక పెద్దావిడ, "నువ్వు గుమ్మం దాటకూడదమ్మా ఇప్పుడు," అనబోయింది. అత్తయ్య, "ఆయన కట్టిన మెట్లు నేను చూడలేదండీ ఎప్పుడూ," అని చెప్పులేసుకుంది.

రేవు దగ్గర ఆటో దిగి చూశాను. పైమెట్లు ఉన్నాయి. వాటి కింద మెట్టన్నదే లేదు. ఒండ్రుమట్టి, ఎండిన గుర్రపుడెక్క, ఏటవాలుగా కాలువ అడుగు దాకా. ఆ బురదలో మేస్త్రి, మావయ్య పాత పనివాళ్ళు మోకాళ్ళ లోతున దిగి పూడిక తీస్తున్నారు. వాళ్ళని ఎవరూ పిలవలేదు. కాలువ కాపలా చూసే లస్కరు చెప్పాడంట, పొద్దున్నే వచ్చేశారంట.

డీఈ గారు జీపు దిగి గట్టు మీద నిలబడ్డారు. పారలు పడుతున్నాయి, మట్టే వస్తోంది. ఆయన గడియారం చూసుకున్నారు. ఏఈ గారు నుదురు తుడుచుకున్నారు. అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఒకవేళ లేకపోతే? కొట్టుకుపోయుంటే? రెండేళ్ళ సోమవారాలు, మిల్లరు, ఆ సంతకం, అన్నీ ఈ బురదలో కలిసిపోతాయి. జనం మావయ్యని ఏమంటారు?

"ఇంకొంచెం కిందకండి," అన్నాడు మేస్త్రి, తలెత్తకుండా.

పార ఖంగుమంది.

ఆ తర్వాత అందరూ ఒక్కసారే పనిలో పడ్డారు. గుంటలో నిలిచిన నీళ్ళు బకెట్లతో తెచ్చి పోశారు. బురద జారిపోతుంటే ముందు ఒక అంచు, తర్వాత ఒక మెట్టు, దాని కింద ఇంకోటి. గాట్లలో మట్టి నిండిపోయి, అడ్డంగా నల్లటి గీతల్లా ఉన్నాయి. ఇసక మోసే ఆవిడ కొబ్బరి పీచుతో వాటిని రుద్దుతోంది. డీఈ గారు బూట్లు విప్పి కిందికి దిగారు. పక్కన గొయ్యి తీయించి కాంక్రీటు లావు చూశారు. టేపు ఒక చివర నేను పట్టుకున్నాను. ఏఈ గారు కొలత చదువుతుంటే, పాత ఏఈ గారు రాసుకున్న దానితో డీఈ గారు సరిచూసుకుంటున్నారు. చివరి మెట్టు దగ్గర నడుం నిలబెట్టి, "అన్నీ ఉన్నాయి. రాసెయ్," అన్నారు.

"ఉన్నాయంటున్నారా?" అంది అత్తయ్య పైనుంచి.

"ఉన్నాయండి."

అత్తయ్య చెప్పులు విప్పి, ఒక్కో మెట్టూ దిగి, ఆఖరి మెట్టు మీద నిలబడింది. పాదంతో ఆ గాట్లని తడుముకుంది. ఆయన పోయిన తర్వాత ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే.

జీపు వెళ్ళిపోయాక పనివాళ్ళందరికీ ఆ రోజు కూలి ఇవ్వబోయింది. వద్దంటే వద్దన్నారు. "ఆయనుంటే ఊరుకునేవారా? పట్టండి," అంది. ఒక్కొక్కరికీ చేతిలో పెట్టి, ఇన్నేళ్ళుగా చాదస్తం అని తను విసుక్కున్న ఆ ప్రశ్నే అడిగింది. "ఇంకేమైనా ఉందా మన మధ్య?" ఏం లేదండమ్మా, ఏం లేదండమ్మా అంటూ అందరూ వెళ్ళారు. చివర్న మేస్త్రి వచ్చాడు. డబ్బు కళ్ళకద్దుకుని, బురద కాళ్ళ వంక చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఏంటయ్యా?"

"ఒకటుందండమ్మా."

"ఏంటి?"

"టీ అండి."

అత్తయ్య కొంగుతో ముఖం తుడుచుకుని, "సరే, ఉండనీ," అంది.

బిల్లు ఇంకా రాలేదు. ఇప్పుడు వారసుల సర్టిఫికెట్ కావాలన్నారు. దానికీ అర్జీ నేనే రాశాను. ఆయన ఎప్పుడు పోయారో, అత్తయ్య ఆయనకి ఏమవుతుందో, ఏ పనికి బిల్లు రావాలో వరసలో చెప్పాను. అరపేజీ కూడా కాలేదు. రాస్తున్నంతసేపూ ఏడ్చాను కానీ అది అందులో లేదు. సోమవారాలు ఇప్పుడు అత్తయ్య వెళుతోంది. ఫ్యాను వేస్తున్నారని చెప్పింది.

కాలువకి నీళ్ళు వదిలిన రోజు నేను ఒక్కదాన్నే రేవుకి వెళ్ళాను. గడ్డీ గాదం తోసుకుంటూ ఎర్రటి కొత్తనీరు వచ్చింది. ఆఖరి మెట్టు మీదికి ఎక్కి, గాట్లలోకి పాకి, నిండి, పై మెట్టుకి వెళ్ళింది. చూస్తుండగానే కిందివన్నీ మునిగిపోయాయి. కాసేపటికి ఒకావిడ బిందె పట్టుకుని వచ్చింది. నీళ్ళంచున ఆగి, చీర కొంచెం పైకెత్తి, ఒక కాలు నీళ్ళలో పెట్టి అడుగున మెట్టు కోసం వెతికింది. దొరికింది. రెండో కాలు కూడా పెట్టి, నిటారుగా నిలబడి, బిందె ముంచింది.